అత్త మీద కోపం, దుత్త మీద కెమెరా

డాలరు నోటుకి చిల్లర ఇమ్మంటే కొట్టువాడు ఇవ్వడు. ఏదైనా కొంటేనే అంటాడు. సరేనని కూల్‌డ్రింకు డబ్బా తీస్తే దాని ఖరీదు 85 సెంట్లు. తిరిగొచ్చే 15 సెంట్లతో పబ్లిక్ ఫోను మాట్లాడటం కుదరదు. 1993లో వచ్చిన ‘ఫాలింగ్ డౌన్’లో మైకేల్ డగ్లస్ పాత్ర లాస్ ఏంజెలెస్‌లో ఓ కొట్టుని నుగ్గునుగ్గు చేసే ముందు జరిగిన తగువంతా ఇంతే. అరలన్నీ పడగొట్టాక అతను పారిపోడు. ఆ డబ్బాకి తనకి న్యాయమనిపించిన 50 సెంట్లు లెక్కగా కట్టి మరీ బయటికొస్తాడు.

విజయవాడ సిటీ బస్సెక్కేవాళ్లకి ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు. వంద నోటిస్తే కండక్టరు టికెట్టు వెనకాల బాకీ అంకె గీకి, ‘దిగేటప్పుడు తీసుకోండి’ అంటాడు. దిగే స్టాపు వచ్చేసరికి ఆయన ముందు తలుపు దగ్గర, మనం వెనక తలుపు దగ్గర, మధ్యలో అరవైమంది. బస్సు కదిలిపోయాక చేతిలో మిగిలేది ఆ అంకె ఒక్కటే. దాన్ని చూసుకున్న క్షణంలో కడుపులో రేగేది ఎంత, అది ఎవరి మీద? ఈ రెండు ప్రశ్నల మీద చాలా సినిమాలు నిలబడ్డాయి. కొన్ని కూలబడ్డాయి కూడా.

చిన్న చికాకులు పోగై ఓపిక చచ్చిన మామూలు మనిషి తిరగబడే ఈ రకం సినిమాకి తెలుగులో సరైన పేరు కుదరలేదు. ‘కామన్‌మ్యాన్ సినిమా’ అని ఒకే బుట్టలో వేసేస్తాం. అందులో ‘భారతీయుడు’ ఉంటుంది, ‘ఠాగూర్’ ఉంటుంది, ‘అపరిచితుడు’ ఉంటుంది, ‘ఈనాడు’ ఉంటుంది. నిజానికి ఇవేవీ ఓపిక చచ్చిన మనిషి కథలు కావు. తేడా తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. ఆ రోజు బస్సు టైముకొచ్చి, కండక్టరు చిల్లరిచ్చేసి ఉంటే కథ ఇలా నడిచేదా? నడిచేది కాదంటేనే నెగ్గినట్టు. ‘భారతీయుడు’ (1996)లో సేనాపతి కూతురు కాలిన గాయాలతో ఉంటే లంచం ఇవ్వనందుకు వైద్యం అందక చనిపోతుంది. ‘ఠాగూర్’ (2003)లో కూలిన భవనం కింద కుటుంబమే పోతుంది. వీళ్లకి బస్సు టైముకొచ్చినా, పల్లకీ వచ్చినా ఒకటే. అవి పగ సినిమాలు. ‘ఎ వెడ్నెస్‌డే’ (2008), దాన్ని తెలుగులో తీసిన ‘ఈనాడు’ (2009) ఇంకో రకం. వాటిలో సామాన్యుడికి పేరు కూడా ఉండదు, నిజమే. కానీ అతను ఎన్నో రోజులు కూర్చుని పథకం వేశాడు. ఓపిక చచ్చినవాడు పథకం వేయడు. పథకం వేయాలంటే బోలెడు ఓపిక ఉండాలి.

పరీక్షలో నెగ్గేవి తక్కువ. ఆ తక్కువలో కూడా ఒక మెలిక ఉంది.

అసలు, వడ్డీ

‘ఫాలింగ్ డౌన్’ మొదలయ్యేది ట్రాఫిక్ జామ్‌లో. ఎండ, పనిచేయని ఏసీ, ముసిరే ఈగ. కాసేపటికి అతను కారుని రోడ్డు మధ్యలో వదిలేసి, ఇంటికెళ్తున్నానని చెప్పి నడుచుకుంటూ పోతాడు. ఈగ వల్ల పిచ్చెక్కిన మనిషిలా ఉంటాడు. సినిమా ముందుకెళ్లేకొద్దీ ఒక్కో కాగితం బయటపడుతుంది. నెల క్రితమే ఉద్యోగం పోయింది. అయినా రోజూ పొద్దున్నే బ్రీఫ్‌కేసు పట్టుకుని ఆఫీసుకెళ్తున్నట్టే బయల్దేరుతున్నాడు. విడాకులయ్యాయి, కూతురి దగ్గరికి వెళ్లకూడదని కోర్టు ఉత్తర్వుంది. ఆ బ్రీఫ్‌కేసు తెరిస్తే అందులో ఉండేది మధ్యాహ్నం తిండి మాత్రమే.

అంటే మనం చూసినదంతా వడ్డీ. అసలు వేరే ఉంది. ఈ రకం సినిమాలు బాగా కుదిరినప్పుడు వడ్డీని ముందు చూపిస్తాయి, అసలుని దాచిపెడతాయి. కుదరనప్పుడు అసలునే ముందు పెట్టేస్తాయి. మొదటి పది నిమిషాల్లో ‘ఇతనికి ఉద్యోగం పోయింది, భార్య వెళ్లిపోయింది’ అని తెలిసిపోతే, తరవాత ఈగ ఎంత ముసిరినా మనకది ఈగలా కనపడదు, దర్శకుడు వదిలిన ఈగలా కనపడుతుంది.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. 1981లో కానర్, లాజరస్ బృందం నడివయసు వాళ్లని 100 మందిని తీసుకుని, వరసగా పది నెలలపాటు వాళ్ల రోజువారీ చికాకుల చిట్టా రాయించింది. వస్తువు కనపడకపోవడం, బరువు పెరగడం, ధరలు, ఇంటి మరమ్మతు, ఇలాంటివే. చావులు, విడాకుల్లాంటి పెద్ద దెబ్బల జాబితా కన్నా ఈ చిన్న చిట్టాయే వాళ్ల మానసిక ఇబ్బందిని బాగా అంచనా వేయగలిగింది. చిన్న కష్టమే పెద్ద కష్టం కన్నా బరువని దీనర్థం కాదు. పెద్ద దెబ్బ మన బతుకులోకి చిల్లరగా మారి వస్తుంది. ఉద్యోగం పోవడం ఒక్క రోజు వార్త. ఆ తరవాత ప్రతి నెలా ఐదో తారీఖున ఇంటి లోను ఫోను, పాలవాడి దగ్గర మొహం చాటేయడం, పెళ్లిలో ‘ఏం చేస్తున్నారిప్పుడు?’ అనే పలకరింపు. స్క్రీన్‌ప్లే రాసేవాడికి పనికొచ్చేది ఈ చిల్లరే.

దీన్ని చివరిదాకా లాగి చూపించింది బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకర్‌మాన్. 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’ నిడివి 201 నిమిషాలు. ఒక గృహిణి మూడు రోజులు వంట చేస్తుంది, గిన్నెలు తోముతుంది, పక్క సర్దుతుంది. పొట్ట గడవడానికి మధ్యాహ్నం పూట ఇంటికొచ్చే విటులు, అదీ వంటలాగే టైము ప్రకారం. రెండో రోజు బంగాళాదుంపలు ఎక్కువ ఉడికిపోతాయి. ఆ గిన్నె చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక ఆమె వంటింట్లోంచి బయటికి, బయట్నించి లోపలికి తిరుగుతుంది. ఎక్కడా అరుపు లేదు, నేపథ్య సంగీతం లేదు. అప్పటికి గంటకి పైగా ఆమె చేతులు తప్పు చేయకపోవడం చూసి ఉంటాం కాబట్టి, ఆ గిన్నె చూస్తే భయమేస్తుంది. మూడో రోజు కత్తెర దాకా వెళ్తుంది కథ. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగులో దీనికి మొదటి స్థానమిచ్చింది. దుంపల గిన్నె ఒక్కటి చూసినా ఎందుకిచ్చారో తెలుస్తుంది.

మనకి బాగా దగ్గరగా 2021లో వచ్చిన మలయాళం ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ ఉంది. సింకు పైపు కారుతుంటుంది. ప్లంబర్‌ని పిలవమంటే మొగుడు మర్చిపోతాడు. కింద బక్కెట్టు, గోనె గుడ్డ, ఆ కంపు నీళ్లు రోజూ ఆమె చేత్తోనే ఎత్తిపోయాలి. చివరికి ఆ నీళ్లే టీ కప్పుల్లో పోసి పంపుతుంది, గొడవకొస్తే బక్కెట్టెత్తి మొహాన కొడుతుంది. ఆయుధం బయట్నించి రాలేదు, వంటింట్లో మొదట్నించీ మన కళ్లెదుటే నిండుతూ ఉంది. ఒక్క బక్కెట్టుతో దర్శకుడు జియో బేబీ పని కానిచ్చేశాడు. ఇంతకన్నా పొదుపైన స్క్రీన్‌ప్లే ఈ మధ్య రాలేదని మా అభిప్రాయం.

ఎండ సంగతి

ఎండ పాత్ర కొంచెం విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మే నెలలో బెజవాడలో ఎండ కూడా ఒక పాత్రధారే. 1986లో అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో కెన్రిక్, మాక్‌ఫార్లేన్ ఒక ప్రయోగం చేశారు. పచ్చదీపం పడ్డా కదలకుండా ఒక కారుని ఆపి, వెనకవాళ్లు ఎంతసేపటికి, ఎన్నిసార్లు హారన్ కొడతారో లెక్కబెట్టారు. ఎండ పెరిగేకొద్దీ హారన్ పెరిగింది. అద్దాలు దించుకున్న కార్లలో, అంటే ఏసీ లేనివాళ్లలో, ఆ పెరుగుదల మరీ స్పష్టంగా కనపడింది.

ఇక్కడ సినిమావాళ్లు చేసే పొరపాటు, ఎండని కారణంగా చూపించడం. ఎండ కారణం కాదు, గట్టు ఎత్తుని తగ్గిస్తుందంతే. ఇరవై డిగ్రీల్లో నవ్వేసి ఊరుకునే మాట 44 డిగ్రీల్లో గట్టు దాటుతుంది. అందుకే ఎండని కథలో చెప్పకూడదు, ఒంటి మీద చూపాలి. అదంత సులువు కాదు. నుదుటి మీద నీళ్లు చిమ్మితే మన ఎండకి రెండు నిమిషాల్లో ఆరిపోతాయి. నీళ్లలో గ్లిజరిన్ కలిపితే బొట్లు నిలబడతాయి, కానీ మెడ దాటి చొక్కాకి అంటితే నూనె మరకలా కనపడుతుంది. పద్ధతి తెలిసినవాళ్లు ఒకే రంగు, ఒకే సైజు చొక్కాలు మూడు పెట్టుకుంటారు. ఒకటి పొడిది, ఒకటి చంకల దగ్గరా వీపు మధ్యలో తడిసింది, ఒకటి పూర్తిగా అంటుకుపోయింది. సీన్లు వరసగా తీయరు కాబట్టి, చెమట మరక ఏ సీనుకి ఎక్కడిదాకా వచ్చిందో ఫోటో తీసి పెట్టుకోకపోతే, గవర్నరుపేటలో తడిసిన వీపు బీసెంట్ రోడ్డుకొచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది. ప్రేక్షకుడికి ఆ తప్పు పేరు తెలియదు, కానీ వేడి మాత్రం తగ్గిపోతుంది.

దుత్త ఎవరు?

అత్త మీద కోపం దుత్త మీద అంటాం. దుత్తంటే పాలూ పెరుగూ పోసుకునే చిన్న కుండ. అత్తని ఏమీ అనలేం, కుండ తిరిగి ఏమీ అనలేదు. 1939లో యేల్ విశ్వవిద్యాలయంలో డోలార్డ్, మరో నలుగురు కలిసి కోరిక అడ్డుకుపోతే దూకుడు పుడుతుందని సిద్ధాంతం రాశారు. అడ్డుపడ్డవాడి మీద చూపే వీల్లేనప్పుడు అది పక్కకి మళ్లుతుందని కూడా అందులోనే చెప్పారు. మన అత్తలూ కోడళ్లూ ఆ సంగతిని ఒక్క వాక్యంలో ఎప్పుడో తేల్చేశారు.

ఈ రకం సినిమాల ప్రాణమంతా దుత్తని ఎవరిని పెట్టామన్న దాంట్లోనే ఉంది. రూలు రాసినవాడు ఎప్పుడూ కిటికీలో కూర్చోడు. కిటికీలో కూర్చున్నవాడికి రూలు మార్చే అధికారం ఉండదు. మనిషికి కనపడేది కిటికీయే.

అర్జెంటీనా దర్శకుడు డామియన్ సిఫ్రోన్ 2014లో తీసిన ‘వైల్డ్ టేల్స్’లో ఆరు కథలున్నాయి. నాలుగోది ఈ కిటికీ గురించే. రికార్డో డారిన్ వేసిన పాత్ర భవనాలు పేల్చి కూల్చే ఇంజినీరు. కూతురి పుట్టినరోజుకి కేకు కొనుక్కుని వచ్చేసరికి కారు ఉండదు, లాగుకెళ్లిపోయారు. అక్కడ కారు ఆపకూడదని గట్టుకి రంగే వేసి లేదు కదా అని అతని వాదన. కిటికీలో ఉన్నవాడికి ఆ వాదన వినే పనే లేదు. డబ్బు కడితే కారిస్తాడు. కట్టి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇల్లు చేరేసరికి పార్టీ అయిపోతుంది. ఇంకో ఆఫీసులో ఇంకో కిటికీ దగ్గర అగ్నిమాపక సిలిండరు తీసి అద్దం మీద బాదుతాడు. పేపర్లో పడుతుంది, ఉద్యోగం పోతుంది, విడాకుల కేసు వస్తుంది. కారుని మళ్లీ లాగుకెళ్తారు. ఈసారి నోరెత్తకుండా డబ్బు కట్టి కారు విడిపించుకుని, డిక్కీలో పేలుడు సామాను పెట్టి, లాగుకెళ్లే చోటే ఆపి, హోటల్లో కూర్చుని కాఫీ తాగుతాడు.

ఇందులో పనితనం చూడండి. హీరో ఇంజినీరవడం వల్ల పేలుడు నమ్మబుద్ధేస్తుంది. మొదటి సీనులోనే అతను బటన్ నొక్కి ఒక కట్టడాన్ని కూలుస్తాడు, ఆ చెయ్యిని మనం మర్చిపోతాం. కేకు మొదట కొన్న రోజు ఇంటికి ఆలస్యంగా చేరుతుంది, చివర్లో జైలుకొస్తుంది. కానీ ఒక చోట సిఫ్రోన్ మనకి లంచమిచ్చాడు. పేలుడులో ఎవరికీ ఏమీ కాదు. జనం చప్పట్లు కొడతారు, వాళ్లు పెట్టిన ముద్దుపేరు ఊరంతా పాకుతుంది. ప్రేక్షకుడు ఏ అపరాధభావం లేకుండా నవ్వుకుంటూ బయటికొస్తాడు. ‘ఫాలింగ్ డౌన్’ ఆ వెసులుబాటు ఇవ్వదు. బర్గర్ కొట్టులో పొద్దుటి టిఫిను టైము కొద్ది నిమిషాల క్రితమే అయిపోయిందన్న రూలు మీద అతను తుపాకీ తీసినప్పుడు మనం నవ్వుతాం. బల్లల దగ్గర వణుకుతున్న కుటుంబాల మీదికి కెమెరా వెళ్లాక ఆ నవ్వు ఇబ్బంది పెడుతుంది. చివర్లో చెడ్డవాణ్ని నేనా అని అతనే ఆశ్చర్యపోతాడు. ఆ సినిమాలో వలస వచ్చిన కొట్టువాణ్ని చూపిన తీరుకి అప్పట్లోనే విమర్శ వచ్చింది, న్యాయమే. దుత్తకి కూడా మొహం ఉంటుందన్న సంగతి ఆ సినిమాకి సగమే తెలుసు.

పూర్తిగా తెలిసినవాడు బ్రిటన్ దర్శకుడు కెన్ లోచ్. 2016లో కాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి అందుకున్న ‘ఐ, డానియల్ బ్లేక్’లో గుండెపోటొచ్చిన 59 ఏళ్ల వడ్రంగిని, పని చేయొద్దని డాక్టరు చెబుతాడు, పని వెతుక్కో లేకపోతే భృతి ఆపేస్తామని ఆఫీసు చెబుతుంది. ఫోను చేస్తే గంటల తరబడి పాట వినిపిస్తారు. ఫారం కంప్యూటర్లోనే నింపాలి, ఆయనకి మౌస్ పట్టుకోవడం రాదు. అక్కడ ఒక ఉద్యోగిని ఆయనకి సాయం చేయబోతే పైవాళ్లు ఆమెనే మందలిస్తారు. కిటికీ లోపలున్న మనిషి కూడా ఇరుక్కునే ఉందని ఆ ఒక్క సీనులో తేలుతుంది. ఓపిక చచ్చాక ఆ పెద్దాయన చేసేదల్లా ఆఫీసు గోడ మీద రంగుతో తన పేరూ, తన డిమాండూ రాయడం. రోడ్డు మీద జనం కేకలేస్తారు, పోలీసులు తీసుకెళ్తారు. పని మాత్రం జరగదు. అప్పీలు వినే రోజునే ఆయన గుండె ఆగిపోతుంది. పేదవాని కోపం పెదవికి చేటన్న సామెతకి ఇంతకన్నా నికార్సైన సినిమా లేదు.

మనవాడు మామూలోడు కాకపోవడం

ఆ సామెత మనదే అయినా, దాన్ని తెర మీద చూడ్డానికి మనం ఒప్పుకోం. తెలుగులో కోపమొచ్చిన మామూలు మనిషిని తప్పించడానికి మూడు దొడ్డిదారులున్నాయి.

మొదటిది ముసుగు. ‘బాషా’ (1995)లో నోరెత్తని ఆటోడ్రైవరు, ‘నరసింహనాయుడు’ (2001)లో డాన్స్ నేర్పే మాస్టారు. తమ్ముడో, శిష్యులో చూస్తుండగా తన్నులు తింటాడు, తలొంచుకుంటాడు, ఇక మన వల్ల కాదనుకునే సమయానికి తిరగబడతాడు. తిరగబడ్డాక తెలుస్తుంది, అతను ముందునుంచే మామూలోడు కాదని. ఇది ఓపిక చావడం కాదు, మేకప్ కడుక్కోవడం. ఆటోస్టాండులో నిజంగా ఆటో తప్ప ఇంకేం గతం లేనివాడికి ఈ కథలో చోటు లేదు.

రెండోది ‘అపరిచితుడు’ (2005) దారి. లాయర్ రామానుజం రూల్సు రామానుజం. రైల్లో తిండి బాగోలేకపోయినా, బ్రేకు వైరు తెగినా ఫిర్యాదు చేస్తాడు, ఎవరూ పట్టించుకోరు. ఇంతవరకు మన చికాకుల చిట్టా భేషుగ్గా ఉంది, శంకర్ రాసుకున్నంత వివరంగా ఇంకెవరూ రాయలేదేమో కూడా. కానీ చంపేది రామానుజం కాదు. అతనిలో ఉన్న ఇంకొకడు. గరుడపురాణం లెక్క ప్రకారం శిక్షలేసే ఆ ఇంకొకడు చేసేది రామానుజానికి తెలియను కూడా తెలియదు. కోపాన్ని తీసి వేరే మనిషిలో పోసేశారన్నమాట. రామానుజం చెయ్యి దాదాపు చివరిదాకా శుభ్రంగానే ఉంది.

మూడోది దండు. ‘ఠాగూర్’లో మాదిరి ప్రొఫెసరు వెనక శిష్యుల సైన్యం. ఒంటరి మనిషి సమస్యకి సంస్థతో జవాబు.

ఎందుకిలా అంటే విజయవాడ గాంధీనగర్‌లో పంపిణీదారులు సినిమా కొనే లెక్కలు కొంత కారణం. స్టారుకి చిల్లర దొరకలేదన్న కోపం చిన్నతనం. స్టారు తప్పు మనిషి మీద చెయ్యెత్తడం కుదరదు, ఎత్తితే అవతలివాడు తప్పు చేసే ఉండాలి. అందుకని దుత్త స్థానంలో ఎప్పుడూ విలను దొరుకుతాడు. ఇంటర్వెల్‌కి బ్యాంగ్ కావాలి, కాబట్టి పేలుడు సగంలో జరగాలి. నిజానికి ఈ కథలో పేలుడు సగం దాటాకే జరగాలి, ఎందుకంటే సరుకంతా పోగవడంలో ఉంది. సగంలో పేలిపోతే మిగిలిన సగానికి ఫైట్లు తప్ప వేరే గతి లేదు.

ఈ దారులకి అడ్డం పడే సినిమాలూ ఉన్నాయి. టి.కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ (1985)లో లెక్చరర్ ఝాన్సీ తనుగానే తిరగబడుతుంది, చివర గొడ్డలి పట్టేది ఆమె చేతులే, లోపల దాగున్న ఇంకొకరు కాదు. జరిగిన అవమానం పెద్దదే, పగ కథే. అయినా క్లాసురూములో పిల్లల వెకిలితనం ముందు ఆమె నిలబడ్డ సీను రోజువారీ అవమానానికి తెలుగులో పడ్డ గట్టి ముద్ర. ఇంకొకటి 2020లో వచ్చిన ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’. మలయాళం ‘మహేశింటె ప్రతికారం’ని వెంకటేశ్ మహా అరకు తీసుకొచ్చాడు. నలుగుర్లో దెబ్బలు తిన్న ఫోటోగ్రాఫరు, తిరిగి కొట్టేదాకా చెప్పులేసుకోనని ఒట్టేసుకుంటాడు. ఏళ్ల తరబడి పగబట్టడం కాదు, ఊళ్లు తగలబెట్టడం కాదు, ఒట్టి కాళ్లతో తిరగడం. కోపం కొలత మనిషి కొలతకి సరిపోయింది. సత్యదేవ్ ఆ పాదాలతో నటించాడు.

థియేటర్లో ఈలలేస్తే మన కోపం కూడా చల్లారుతుందని ఒక నమ్మకముంది. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త బుష్‌మన్ చేసిన ప్రయోగం వేరే మాట చెప్పింది. తమకి కోపం తెప్పించినవాడినే తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్లకి, ఊరికే కూర్చున్నవాళ్ల కన్నా కోపం పెరిగింది. దీన్ని పట్టుకుని సినిమాలని నిందించక్కర్లేదు. కాకపోతే ‘ఆవిరి పోవడానికి సేఫ్టీ వాల్వు’ అనే ప్రెస్‌మీట్ మాటని మాత్రం పక్కన పెట్టొచ్చు.

రెండు చాక్లెట్లు

ఇప్పుడిదంతా బెజవాడలో 20 నిమిషాల షార్ట్‌ఫిల్మ్‌గా కట్టాలంటే ఎలాగో చూద్దాం. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు గుమస్తా, 52 ఏళ్లు. కొడుకు కాలేజీ సీటుకి ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలి. కొడుకు టెన్త్ మెమోలో తండ్రి పేరు ‘వెంకటేశ్వర్లు’, ఆధార్‌లో ‘వెంకటేశ్వరరావు’. కథకి ఈ మూడక్షరాలే పెట్టుబడి.

మొదటి చికాకు మనిషి వల్ల రాకూడదు. సింగ్‌నగర్ నుంచి వచ్చే బస్సులో కిటికీ అద్దం బిగుసుకుపోయింది, గాలి రాదు. రెండోది రూలు. పేర్లు కలవట్లేదు, ముందు ఆధార్ మార్పించుకు రండి. మూడోది యంత్రం. ఓటీపీ పాత సిమ్‌కి పోతోంది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. నాలుగోది మంచి మనిషి. కౌంటర్లో అమ్మాయి నిజంగా సాయం చేయాలనే చూస్తుంది, ‘బాబాయ్‌గారూ, సర్వర్ వచ్చాక మీదే ముందు చేస్తాను’ అంటుంది. ఆమెని గయ్యాళిని చేశారా, సినిమా అక్కడితో అయిపోయినట్టే. తిట్టుకోవడానికి మనిషి దొరికితే ప్రేక్షకుడికి ఆవిరి పోతుంది, మనకి ఆవిరి నిలవాలి.

ఇంతవరకు 11 నిమిషాలు. ఈ మధ్యలో ఎక్కడో కొట్టు నుంచి ఒక ఫోను. ‘పాత ఖాతా పుస్తకాలు ఎక్కడ పెట్టావయ్యా, కుర్రాడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు.’ ఇరవై నాలుగేళ్లు కూర్చున్న గల్లాపెట్టె పక్క కుర్చీ పోయిందని వేరే చెప్పక్కర్లేదు. అదే అసలు. ఒక్క వాక్యం, అదీ హారన్ల మధ్య సగం వినపడేలా.

ఐదోది జిరాక్సు కొట్టు. నాలుగు కాపీలు, కాపీ రెండు రూపాయలు. పది నోటిస్తాడు. కుర్రాడు ఫోను చూసుకుంటూ రెండు చాక్లెట్లు బల్ల మీద పెడతాడు.

‘చిల్లరివ్వు.’

‘లేదు బాబాయ్. స్కాన్ చెయ్యి పోనీ.’

స్కాన్ చేయాలన్నా ఆ పాత సిమ్మే కావాలి. ఇక్కడ సంగీతం పెంచితే చెడుతుంది, తగ్గించాలి. సీను మొదట్లో వినపడే ఆటోలు, ఫ్యాను, జిరాక్సు మిషను గుర్రు, పక్క కొట్టు టీవీ, ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి చాక్లెట్ కాగితం చప్పుడొక్కటే మిగలాలి. ఎడిటింగ్ టేబుల్ మీద ఇవన్నీ వేరువేరు ట్రాకులుగా ఉంటేనే కుదురుతుంది. లొకేషన్లో అన్నీ కలిపి ఒకే మైకులో పట్టుకొస్తే తరవాత ఎవరూ విడదీయలేరు. కాబట్టి షూటింగయ్యాక ఆ కొట్టులో ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో శబ్దాన్ని నిమిషం చొప్పున విడిగా రికార్డు చేసుకోవాలి.

పేలుడుకి రెండు నిమిషాలు దాటకూడదు, డైలాగు ఉండకూడదు. ఉపన్యాసం మొదలైందంటే అది రచయిత కోపం, గుమస్తాది కాదు. 52 ఏళ్ల మనిషి కొట్టడం రాక కొడతాడు. మిషను మూతని విసురుగా దించుతాడు, దాని కింద కొడుకు మెమో ఉందని మర్చిపోయి. అద్దం చీలుతుంది. కంగారులో మెమో లాగబోతే ఒక మూల చిరిగి చేతికొస్తుంది. కళ్లజోడు కింద పడుతుంది, వెతుక్కోవడానికి వంగుతాడు, చేతులు వణుకుతుంటాయి. షాట్లు పొడుగ్గా ఉంచాలి, కోతలు పెడితే అతను ఫైటరైపోతాడు.

మిగిలిన ఏడు నిమిషాలు చాలామంది తీయరు, అసలు సినిమా అక్కడే ఉన్నా కూడా. జిరాక్సు కుర్రాడు యజమాని కాదు, అద్దం ఖర్చు అతని జీతంలోంచి పోతుంది. యజమాని వచ్చి తిట్టేది కుర్రాణ్నే. గుమస్తా అక్కడే నిలబడి ఉంటాడు, ఎవరూ అతన్నేమీ అనరు, పెద్దమనిషి కదా. ఇంటికెళ్లాక చిరిగిన మెమోని కొడుకు చూసే చూపు ఒకటుంటుంది, దానికి నాలుగు సెకన్లు చాలు.

మర్నాడు పని ఇంకా మిగిలే ఉంది. అదే కొట్టు, ఆ చుట్టుపక్కల ఇంకో జిరాక్సు లేదు. గుమస్తా ముందుగానే నాలుగు రెండు రూపాయల బిళ్లలు అరచేతిలో పట్టుకుని వస్తాడు. కుర్రాడు మొహం చూడకుండా కాగితం తీసుకుంటాడు. చీలిన అద్దానికి సెలోటేపు అంటించారు. వచ్చిన ప్రతి కాపీ మీదా ఆ చీలిక సన్నటి నల్లగీతలా పడుతుంది, తండ్రి పేరున్న వరస మీదుగా.